పెట్రోలు బంకు గోడ

నా భార్య మా ఇంటికి వచ్చిన కొత్తలో పెద్దగా మాట్లాడేది కాదు. ఆమెది బడ్జ్ బడ్జ్, బెంగాల్లో ఒక మిల్లుల ఊరు. ముత్తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి జూట్ మిల్లు పనికి వచ్చి అక్కడే ఉండిపోయిన కుటుంబం. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా అందులో సగం బెంగాలీ ఉంటుంది. మేమూ అటువైపు నుంచి వచ్చినవాళ్లమే. కాకపోతే ఏక్‌బాల్‌పూర్‌లో మాకు తెలుగు చర్చి ఉంది. చిన్నప్పటినుంచీ ప్రతి ఆదివారం తెలుగులో బైబిలు వాక్యం, తెలుగులో పాటలు వినడం వల్ల మా భాష కాస్త నిలబడింది. ఆమె ఏదో చెప్పబోయి మాట దొరక్క ఆగితే మా చెల్లి ఆ మాట అందించేది. మంచికే అందించేది. కానీ అందించిన ప్రతిసారీ ఆమె ఇంకొంచెం ముడుచుకుపోయేది.

అమ్మ పోయి అప్పటికి కొన్నేళ్లయింది. నాన్న ఓడల డాకులో క్రేను నడిపి రిటైరైన మనిషి. చెల్లి రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. నేను షాలిమార్‌లో ఒక సరుకు రవాణా ఆఫీసులో. సాయంత్రం అందరం ఇంటికి చేరాక ఎవరి మూల వాళ్లది. పెళ్లయితే ఇంట్లో సందడి వస్తుందని చుట్టాలు చెప్పారు గానీ, వచ్చింది ఇంకో మూల.

నా భార్యనీ చెల్లినీ కలిపింది ఒక ఆట. ఫోనులో ఆడే కార్ల పందెం. ఒక వానాకాలం ఆదివారం మా సందులో మోకాలిలోతు నీళ్లు నిలిచి, చర్చికి కూడా వెళ్లలేక ఇంట్లోనే ఉండిపోయాం. నా భార్య వరండాలో కూర్చుని ఫోనుని అటూ ఇటూ వంచుతూ ఉంది. తువ్వాలు ఆరేయడానికి వెళ్లిన చెల్లి ఆమె వెనక నిలబడి చూసి, తువ్వాలు చేతిలో ఉండగానే అక్కడే చతికిలబడింది. తనూ అదే ఆట ఆడుతుంది. ల్యాబులో తనని మించినవాళ్లు లేరని మాతో చెప్పుకునేది. వదిన ఆట చూశాక ఆ మాట మళ్లీ అనలేదు.

ఆ రోజు నుంచి పని తెమిలితే చాలు, ఇద్దరూ వరండాలో చేరేవాళ్లు. కార్ల గురించి మాట్లాడుతూ మాట్లాడుతూ మిగతా మాటలు కూడా వచ్చాయి. నా భార్య చెల్లిని ‘బోన్’ అని పిలవడం మొదలుపెట్టింది. బెంగాలీలో చెల్లెలని అర్థం. చెల్లి ఏదైనా మాట అందించబోతే ఆమె ఇప్పుడు సిగ్గుపడేది కాదు, ఉండు నానే సెప్తాను అనేది. వరండాలోంచి వాళ్ల నవ్వులు వినబడుతుంటే నాన్న టీవీ సౌండు తగ్గించేవాడు. అది చిరాకుతో కాదని నాకు తెలుసు.

గోడ సంగతి బయటపడింది కూడా అలాంటి ఒక మధ్యాహ్నమే. ఆ ఆటలో ఒక కొండదారి ఉంది. నది మీద వంతెన దాటగానే ఒక పెట్రోలు బంకు, దాని పక్కన గోడ. అక్కణ్నుంచి రోడ్డు కొండ చుట్టూ పెద్ద మలుపు తిరిగి సొరంగంలోకి పోతుంది. చెల్లి కారు వంతెన మీద అదుపు తప్పి ఆ గోడ మూలకి అడ్డంగా రాసుకుంది. రాసుకోగానే గోడలోకి దిగిపోయింది. తెర నల్లబడింది. ఫోను పాడైందేమోనని చెల్లి కంగారుపడింది. అంతలో కారు మళ్లీ కనబడింది, సొరంగం అవతల. కొండ మలుపు తిరక్కుండానే. కారు రోడ్డు మీద లేకపోతే దాన్ని ఎత్తి దగ్గర్లో ఉన్న రోడ్డు మీద పెట్టడం ఆ ఆట పద్ధతి. ఆ మూలలో మాత్రం దగ్గరి రోడ్డంటే సొరంగం అవతలి రోడ్డని దానికి ఎందుకో తోచింది.

ఇద్దరూ పడీ పడీ నవ్వి, నన్ను పిలిచి చూపించారు. నా భార్య తన ఫోనులో అదే చోట ప్రయత్నించింది. కుదరలేదు. కారు గోడకి కొట్టుకుని పల్టీ కొట్టింది. మళ్లీ మొదలుపెట్టింది, మళ్లీ పల్టీ. ఏ కోణంలో రాయాలో, ఎప్పుడు బ్రేకు వదలాలో చూసి చూసి చివరికి పట్టుకుంది. అప్పుడు చెల్లి అన్న మాట నేను నా చెవులతో విన్నాను.

“వదినా, ఇది మన మద్దెనే ఉండనీ.”

నా భార్య తలూపింది. ఆ మాటకి అర్థం ఏమిటని అప్పుడు ఎవరమూ అడగలేదు. అడగాల్సిన మాటలా కూడా లేదు.

మా చర్చిలో ఏటా కోతపండుగ చేస్తారు. కోసే పొలం మాలో ఎవరికీ లేకపోయినా చేస్తారు. ఆ ఏడు యువజన సంఘం వాళ్లు క్యారమ్స్‌తో పాటు ఈ కార్ల ఆట పోటీ కూడా పెడతామన్నారు. తెలుగు చదవడం రాని పిల్లలు చర్చికి దూరమైపోతున్నారు, ఇలాంటివి పెడితే వస్తారని వాళ్ల వాదన. పాస్టరు గారిని మేం అయ్యగారంటాం. అయ్యగారు కాసేపు ఆలోచించి సరేనన్నారు. గెలిచినవాళ్లకి ఒక కప్పు. దానితో పాటు షాలిమార్ సంఘంలో అన్ని చర్చిలవాళ్లూ కలిసే కూటంలో మా చర్చి తరఫున ఆడే అవకాశం.

అంపైరుగా నన్ను పెట్టారు. ఆట రానివాడైతే ఎవరి పక్షమూ పట్టడని ఎవరో అన్నారట. నా భార్యా చెల్లీ ఇద్దరూ పేర్లిచ్చిన పోటీకి నేనేమిటని అడిగాను. ఇద్దరూ మీవాళ్లే కదా, అందుకే సరిపోయిందన్నారు. అది నిజమే అనిపించి ఒప్పుకున్నాను. పోటీ రోజు నియమాలు కూడా నేనే చెప్పాను. ఎవరి ఫోను వాళ్లదే, పక్కవాళ్లని తాకకూడదు, మధ్యలో ఫోను మోగితే ఎత్తకూడదు. అంతకు మించి చెప్పాల్సింది ఉంటుందని నాకు తట్టలేదు.

ఆరాధన అయ్యాక చర్చి వెనక హాల్లో పోటీ పెట్టారు. రెండు టీవీలు పక్కపక్కన పెట్టి, ఆడేవాళ్ల ఫోన్లు వాటికి కలిపారు. కుర్చీలు చాలక వెనకవాళ్లు నిలబడ్డారు. నాన్న ముందు వరసలో కూర్చున్నాడు. ఒక్కొక్కరే ఓడిపోతూ చివరికి మా వాళ్లిద్దరే మిగిలారు. హాలంతా నవ్వులు. ఒకే ఇంటి వంట, ఎవరు గెలిస్తే ఏమిటని ఎవరో అన్నారు. చెల్లి, వదిన చీర కుచ్చెళ్లు సర్ది మరీ కుర్చీలో కూర్చోబెట్టింది.

చివరి పందెం ఆ కొండదారి మీద వచ్చింది. మొదట్లో నా భార్య ముందుంది. వంతెన దగ్గరికి వచ్చేసరికి చెల్లి దాటేసింది. కొండ మలుపు కోసం చెల్లి ఎన్నాళ్లుగానో సాధన చేసింది. బస్సులో కూడా వేలితో ఆ మలుపు గాల్లో తిప్పుకునేదని తన స్నేహితురాలు చెప్పి నవ్వేది. చెల్లి మలుపు అందుకోగానే హాల్లో చప్పట్లు మొదలయ్యాయి. సరిగ్గా అప్పుడే పక్క టీవీలో నా భార్య కారు బంకు గోడకి రాసుకుని మాయమైంది. తెర నల్లబడింది. పాపం పడిపోయిందని వెనకనుంచి ఒక ముసలమ్మ అంది. మరుక్షణం ఆ కారు సొరంగం అవతల తేలింది. చెల్లి ఇంకా కొండ చుట్టూ తిరుగుతూనే ఉంది. తను సొరంగంలోంచి బయటికి వచ్చేసరికి పందెం అయిపోయింది.

చప్పట్లు కొట్టేవాళ్లు చేతులు అలాగే పెట్టుకుని ఉండిపోయారు. ఏం జరిగిందో చాలామందికి అర్థం కాలేదు. అర్థమైన కుర్రాళ్లు ఒకేసారి మాట్లాడడం మొదలుపెట్టారు. అది చెల్లదని కొందరు, ఎందుకు చెల్లదని కొందరు. చెల్లి లేచి నా బల్ల దగ్గరికి వచ్చింది. గొంతు పెంచలేదు.

“అన్నయ్యా, అది ఆట కాదు. దొంగదారి. నువ్వు సూసినావు గదా.”

నా భార్య కూర్చున్న చోటునుంచే అంది. “నానేటి దొంగతనం సేసినాను? గోడ ఇద్దరికీ ఉంది. నువ్వే గదా ముందు సూపించినావు.”

“దాన్ని వాడొద్దు అనుకున్నాం గదా.”

“ఎప్పుడనుకున్నాం?”

“మన మద్దెనే ఉండనీ అన్నాను గదా వదినా.”

“మన మద్దెనే ఉంది గదా బోన్. నాను ఎవులికీ సెప్పలేదు.”

ఆ మాటలో వెటకారం లేదు. నా భార్య ముఖంలో నిజంగా ఆశ్చర్యమే ఉంది. గుట్టుగా ఉంచుకుందామని ఆమెకి అర్థమైంది. వాడకుండా వదిలేద్దామని చెల్లి ఉద్దేశం. ఒకే మాట, ఒకే వరండాలో, నా ఎదురుగానే అన్న మాట. నేను విన్నప్పుడు నాకేం అర్థమైందని నన్ను నేను అడిగి చూసుకున్నాను. ఏమీ అర్థం చేసుకోలేదు. వినడం మాత్రమే విన్నాను.

అందరూ నావైపు చూస్తున్నారు. వచ్చే ఆదివారం చెబుతానని లేచాను. అయ్యగారు తలూపారు. అంపైరు వాయిదా వేయడం నేనెక్కడా చూడలేదని నాన్న దారంతా గొణిగాడు.

ఆ వారం మా ఇంట్లో మళ్లీ ఎవరి మూల వాళ్లదయింది. ఈసారి పాత నిశ్శబ్దం కాదు. పాతదానికి కారణం లేదు, దీనికి ఉంది. నా భార్య అన్నం వడ్డించి పక్కకి వెళ్లేది. చెల్లి కంచం గదిలోకి తీసుకెళ్లేది. ఇద్దరూ నన్ను ఏమీ అడగలేదు. అడిగితే బాగుండుననిపించింది.

మా సందు మొదట్లో మొబైళ్లు బాగుచేసే దాదా ఒకతను ఉన్నాడు. దాదా అంటే బెంగాలీలో అన్న, నన్నూ అతను అలాగే పిలుస్తాడు. ఈ ఆటలన్నీ అతనికి కొట్టిన పిండి. సోమవారం ఆఫీసు నుంచి వస్తూ అతని దగ్గర ఆగాను. జరిగింది చెబితే దాన్ని గ్లిచ్ అంటారని, తయారు చేసినవాళ్ల పొరపాటు వల్ల ఆటలో పడిన చిల్లు అని చెప్పాడు. పెద్ద పోటీల్లో ఏ చిల్లు వాడకూడదో ముందే చెబుతారు, చెప్పనిది చెల్లుతుంది, మీరు ముందే చెప్పలేదు కదా అన్నాడు. పైగా ఆటని ఎంత తొందరగా ముగించగలమా అని పోటీపడేవాళ్లు ఉంటారని, అలాంటి చిల్లులు వెతకడమే వాళ్ల విద్య అని చెప్పాడు. మీ ఆవిడ ఆ కోణం పట్టిందంటే మామూలు చెయ్యి కాదు దాదా అని మెచ్చుకున్నాడు కూడా. నా మనసు తేలికపడింది. తీర్పు దొరికిందనుకుని రెండడుగులు వేశాక ఎందుకో వెనక్కి తిరిగి, మీతో ఎవరైనా అలా ఆడి గెలిస్తే ఏం చేస్తారని అడిగాను. చేతిలో ఉన్న ఫోను మీదనుంచి తల ఎత్తకుండానే, మళ్లీ వాడితో ఆడను అన్నాడు. మరి ఇప్పుడే చెల్లుతుందన్నారు కదా అన్నాను. చెల్లుతుంది, నేను ఆడను, రెండూ వేరు అన్నాడు.

ఇంటికి వెళ్లి నాన్నని అడిగాను. నాన్నకి అనుమానమే లేదు.

“అది దొంగాటే. గోడలోంచి ఎల్లే కారు ఎక్కడైనా ఉందేటి?”

గాల్లో ఎగిరే కార్లు కూడా ఆ ఆటలో ఉన్నాయి నాన్నా అన్నాను. అవి అందరికీ తెలిసి ఎగుర్తాయి, ఇది ఎవరికీ తెలియదు అన్నాడు. చెల్లికి తెలుసు కదా అన్నాను. పడక్కుర్చీలో వెనక్కి వాలాడు. అక్కణ్నుంచే, నేనడగని సంగతి ఒకటి ఎత్తాడు.

నాన్న పనిచేసే రోజుల్లో క్రేనువాళ్లు ఒకసారి ఏదో కోరికల మీద సమ్మె చేయకుండానే పని ఆపారు. ఎలాగంటే, రూలు పుస్తకంలో ఉన్నదంతా అక్షరాలా పాటించారు. తాడు తనిఖీ, కొక్కెం తనిఖీ, బ్రేకు తనిఖీ, ప్రతిసారీ, ప్రతి బరువుకీ. మామూలుగా ఎవరూ అంత చేయరు. చేస్తే పని సాగదు. అలా చేసేసరికి ఓడలు నదిలో వరసగా నిలబడిపోయాయి. ఆఫీసర్లు వచ్చి ఇది మోసమని అరిచారు. మీ పుస్తకమే కదా, అందులో ఉన్నదే కదా చేస్తున్నామని వీళ్లు నవ్వారు.

“ఓళ్లు సేయమన్నదే సేసినాం. అదెలాగ తప్పవుద్ది?” అన్నాడు నాన్న. తర్వాత, ఆ రోజుల్లో కూలికి వచ్చే హమాలీలకి కూడా పని లేకుండా పోయిందని, వాళ్లు గోడ నీడన కూర్చుని తమవైపు చూసేవాళ్లని చెప్పాడు. “మరి మేం సేసింది ఏటంటావు? దొంగాటా, ఆటా?”

నాకు తెలియదన్నాను. నాకూ తెలీదు అన్నాడు నాన్న. అప్పటిదాకా చెల్లి పక్షాన గట్టిగా ఉన్న మనిషి ఆ తర్వాత ఈ విషయం ఎత్తలేదు.

నేను రోజూ ఎక్కే బస్సు డ్రైవరు ఒకచోట ఎర్రలైటు పడితే, మూల మీదున్న బంకులోకి ఇటునుంచి దూరి అటునుంచి బయటపడతాడు. లైటు తప్పించుకున్నట్టే. బస్సులో అందరికీ సంతోషం. నాకూ సంతోషమే, ఆఫీసుకి ఆలస్యం కాదు కదా. ఆ వారం మాత్రం బస్సు బంకులోకి దూరినప్పుడల్లా కిటికీలోంచి బయటికి చూసేవాణ్ని. సిగ్నల్ దగ్గర ఓపికగా ఆగి ఉన్న రిక్షావాళ్లు, స్కూటర్లవాళ్లు. వాళ్లలో ఎవరికీ కోపం వస్తున్నట్టు కూడా లేదు. కోపం లేకపోతే తప్పు లేనట్టా? అసలు బంకు యజమాని ఒప్పుకున్నాడా? ఇంత చిన్న విషయం ఇంతగా మనసులో తిరుగుతుంటే నామీద నాకే నవ్వొచ్చింది.

అయ్యగారినీ కలిశాను. రాసి లేదు కాబట్టి తప్పు కాదనుకోకూడదు, మనస్సాక్షి అని ఒకటి ఉంటుంది బాబూ అన్నారాయన. ఎవరి మనస్సాక్షి అయ్యగారూ, ఇద్దరికీ వాళ్ల వాళ్ల మనస్సాక్షి సరిగానే ఉంది అన్నాను. ఆయన గడ్డం నిమురుకుని, మళ్లీ ఆడించు అన్నారు. అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు. కానీ చేయడానికి ఏదో ఒకటి దొరికింది.

శనివారం సాయంత్రం నా భార్యతో చెప్పాను, రేపు మళ్లీ ఆడాలని, గోడ వాడుకోకూడదని. ఆమె కూరగాయలు తరుగుతోంది. తరగడం ఆపకుండానే అడిగింది.

“అయితే మొన్న నాను గెలవలేదు అనేనా?”

అలా అని కాదన్నాను. ఓడిపోయావనీ కాదన్నాను. మరేటి అంది. మరేమిటో నాకు తెలిస్తే కదా. తరిగిన ముక్కలు గిన్నెలో వేస్తూ ఆమే అంది, బడ్జ్ బడ్జ్‌లో ఉన్నప్పుడు అన్నదమ్ములతో ఏ ఆట ఆడినా, ఆమె గెలిచేసరికి కొత్త రూలు ఒకటి పుట్టుకొచ్చేదట. కోపంగా అనలేదు. ఎప్పుడో జరిగిన సంగతి చెప్పినట్టు చెప్పింది. ఆ మాటకి నేను చెల్లి దగ్గరికి వెళ్లి, మొన్నటి పందెమే ఖాయం చేసేద్దామా అని అడుగుదామనుకున్నాను. గది తలుపు తీసి చూస్తే చెల్లి మంచం మీద కూర్చుని ఆ కొండ మలుపే మళ్లీ మళ్లీ తిప్పుతోంది. ఏమీ అడక్కుండా తలుపు దగ్గరికి వేసి వచ్చాను.

ఆదివారం హాలు మొన్నటికంటే నిండింది. కార్ల ఆట అంటే ఏమిటో తెలియని పెద్దవాళ్లు కూడా వచ్చారు. నేను లేచి, పెట్రోలు బంకు గోడని ఎవరూ వాడుకోకూడదని ప్రకటించాను. వెనకనుంచి ఎవరో, వాడుకోవడం అంటే ఏమిటని అడిగారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వి ఊరుకున్నాను. ఆ ప్రశ్నకి అప్పుడే జవాబు చెప్పి ఉండాల్సింది.

పందెం మొదలైంది. నా భార్య మొదటినుంచీ ముందుంది. మొన్నటికంటే బాగా ఆడింది. వంతెన మీదికి వచ్చేసరికి చెల్లి చాలా వెనకబడింది. అందుకోవాలని వేగం పెంచింది. వంతెన చివర తన కారు వెనకభాగం జారింది. జారి, అడ్డంగా తిరిగి, బంకు గోడ మూలకి రాసుకుంది. టీవీ నల్లబడింది.

హాల్లో ఒక్కరూ కదల్లేదు. కారు సొరంగం అవతల తేలింది. ముందు రోడ్డంతా ఖాళీ. చెల్లి కారు ఆపలేదు. అదే వేగంతో చివరిదాకా నడిపి గీత దాటింది. దాటాక ఫోను ఒళ్లో పెట్టుకుని తల దించుకుంది.

నేను లేచి తన దగ్గరికి వెళ్లాను. కావాలని తిప్పావా అని మెల్లిగా అడిగాను. తల అడ్డంగా ఊపింది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. కుర్రాళ్లలో ఒకడు, జారితే జారింది, అవతల కారు ఆపి వదిన కోసం ఆగాల్సింది కదా అన్నాడు. ఇంకొకడు, పందెంలో ఆగమని రూలు ఎక్కడుందన్నాడు. నేను గోడ వాడుకోకూడదన్నాను. గోడ దానంతట అదే మింగితే ఏం చేయాలో చెప్పలేదు. అవతల తేలాక నడపడం వాడుకోవడం అవుతుందా, కాదా?

అప్పుడు నా భార్య లేచి నిలబడింది. అంతమంది ముందు ఆమె గొంతు విప్పడం నేను అంతకుముందు చూడలేదు.

“అది జారిందండీ. నాను పక్కనే ఉన్నాను. జారిందే. కప్పు బోన్‌కి ఇచ్చీండి.”

హాలు మళ్లీ గుసగుసలతో నిండింది. ఆమె అప్పుడు తన ఫోనుని చూస్తూ ఉంది కదా, పక్కవాళ్ల కారు ఎలా చూసింది అనుకున్నాను. చెల్లి మీద జాలితో అందా? లేక జారి గెలిచినది లెక్కకి వస్తే మొన్న తను గెలిచినదీ లెక్కకి వచ్చినట్టేనని చెప్పడమా? ఆమె ముఖంలో ఏదైనా కనబడుతుందేమోనని చూశాను. ఏమీ తెలియలేదు.

చెల్లి కప్పు వద్దంది. నాకొద్దు, వదినకి ఇవ్వండి అని, చెప్పులు చేతిలో పట్టుకుని హాల్లోంచి బయటికి వెళ్లిపోయింది. నా భార్య కూడా వద్దంది. అయ్యగారు నావైపు చూశారు. నా వల్ల కాదు, నన్ను వదిలేయండి అన్నాను. చివరికి ఆయనే లేచి, మూడో స్థానంలో వచ్చిన ఒక ఆసుపత్రి నర్సుకి కప్పు ఇచ్చారు. ఆమె ఇవతలివాళ్లనీ అవతలివాళ్లనీ చూసి, భయపడుతూ పుచ్చుకుంది. షాలిమార్‌లో మొదటి పందెంలోనే ఓడిపోయి, అక్కడ బిరియానీ చాలా బాగుందని వచ్చి అందరికీ చెప్పింది.

ఆ రోజు మేం ఇంటికి వచ్చేసరికి చెల్లి అప్పటికే అన్నం వండేసి ఉంది. ఆదివారం వంట ఎప్పుడూ నా భార్యది. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, నేను ముందు గదిలోనే ఉండిపోయాను. భోజనానికి పిలిచినప్పుడు నాలుగు కంచాలూ ఒకే చోట పెట్టి ఉన్నాయి.

మళ్లీ వరండాలో చేరడానికి మాత్రం సమయం పట్టింది. ఆట తయారుచేసినవాళ్లు కొత్త అప్‌డేటు పంపారు, కొన్ని లోపాలు సరిచేశామని. ఇద్దరూ ఒకే ఫోను మీద వంగి ఆ గోడ దగ్గరికి వెళ్లి చూశారు. కారు గోడకి కొట్టుకుని వెనక్కి వచ్చింది. ఎన్నిసార్లు కొట్టినా అంతే.

“సూసినావా వదినా? తప్పే గాబట్టి మూసేసినారు,” అంది చెల్లి.

“మూసేదాకా దారే గదా,” అంది నా భార్య.

ఇద్దరూ తల తిప్పి నావైపు చూశారు. నాకు ఇద్దరి మాటా సరిగ్గానే వినిపించింది. ఒకటి సరైతే రెండోది కాకూడదు కదా అనిపించింది, కానీ ఏది కాదో పట్టుకోలేకపోయాను. నాన్న టీవీ సౌండు పెంచాడు.

చాలాకాలం తర్వాత, చెల్లితో ల్యాబు దాకా నడిచి వెళ్తూ, ఇప్పుడైనా చెప్పు, ఆ రోజు జారిందా, తిప్పావా అని అడిగాను. కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు. రోడ్డు దాటాక చెప్పింది.

“నాకే తెలీదన్నయ్యా. జారేటప్పుడు గోడ కనబడింది. చెయ్యి తిరిగింది. నేను తిప్పినానో, అదే తిరిగిందో. ఎన్నిసార్లు తలుసుకున్నా తెలవట్లేదు.”

తను లోపలికి వెళ్లాక కాసేపు ల్యాబు మెట్ల దగ్గరే నిలబడ్డాను. చేసినవాళ్లకే తెలియనిది అంపైరు ఎలా చెప్పాలి?

ఆ సాయంత్రం నా భార్యనీ అడిగాను. నువ్వు నీ ఫోను చూస్తున్నావు కదా, జారిందని అంత గట్టిగా ఎలా చెప్పావని. పప్పులో రాళ్లు ఏరుతూ, తాను కారుని చూడలేదంది. తెర నల్లబడిందని హాలంతా ఊపిరి బిగపట్టినప్పుడు పక్కకి తిరిగి చెల్లి ముఖం చూసిందట. ముఖంలో ఏం కనబడిందన్నాను.

“బయ్యం,” అంది.

ఆ భయం జారినందుకా, తిప్పినందుకా అని అడగబోయాను. కుక్కర్లో నీళ్లు మరుగుతున్నాయని ఆమె చేట పట్టుకుని లేచింది.